మడివాళలో అద్దె ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలలో ఎవరూ బెంగుళూరులో అద్దె ఇంటి కోసం తిరిగినవారు కారని నా నమ్మకం. తిరిగి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క ఒకటి తప్పకుండా చేర్చేవారు. ఇల్లు కట్టడానికి డబ్బుంటే చాలు. పెళ్ళి చేయడానికి సంబంధం కుదిరితే చాలు. అద్దె ఇంటికి మాత్రం చేతిలో డబ్బుండాలి, అడిగిన ప్రశ్నలన్నిటికీ తగిన జవాబులుండాలి, ఆపైన మేనేజరుగారి దయ కూడా ఉండాలి. 2025 సెప్టెంబరులో మడివాళలో నేను ఇల్లు వెతికిన వృత్తాంతం పాఠకులకు మనవి చేసుకుంటున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెబుతాను.

నేను హోసూరు రోడ్డు మీద ఒక పార్సెలు ఆఫీసులో గుమాస్తాను. చదువు ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గర ఆగిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ రెండు భాషలతోనే ఇంతకాలం జీవయాత్ర సాగిస్తున్నాను. నా భార్య బొమ్మనహళ్ళిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతుంది. అమ్మాయి పి.యు.సి. మొదటి సంవత్సరం. పదకొండేళ్ళుగా కృష్ణరాజపురంలో ఒకే ఇంట్లో కాపురమున్నాము. ఆ ఇంటాయన కొడుక్కు పెళ్ళి కుదిరి, “పై వాటా మాకే కావలసి వచ్చింది, ఏమీ అనుకోవద్దు” అని మూడు నెలల గడువిచ్చాడు. పెద్దమనిషి. అనుకోవడానికి ఏమీ లేదు.

ఎటూ ఇల్లు మారవలసి వచ్చింది గనుక మడివాళలోనే చూద్దామనుకున్నాము. అందుకు రెండు కారణాలు. కృష్ణరాజపురం నుంచి సిల్కు బోర్డు దాకా రింగు రోడ్డు మీద ఉదయం సాయంత్రం బస్సులో నిలబడి నా మోకాళ్ళు అరిగిపోయాయి. అది చిన్న కారణం. పెద్ద కారణం మా నాన్న.

మా నాన్న కోలారు బంగారు గనులలో పని చేసినవాడు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడేదాకా చేశాడు. ఇప్పుడాయనకు డెబ్భై ఆరేళ్ళు. అమ్మ పోయిన తర్వాత కూడా గనుల క్వార్టర్సును విడిచిపెట్టకుండా ఒంటరిగా ఉంటూ వచ్చాడు. భూమి లోపలి రాతి దుమ్ము చాలాకాలం పీల్చినవారి ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో గనుల ఊళ్ళో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వర్షాకాలం వచ్చిందంటే నాన్న దగ్గు వీధి చివరికి వినిపిస్తుంది. సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో చూపిస్తే, నెలకొకసారి రావాలి, ఒంటరిగా ఉండరాదు అన్నారు. ఆ ఆసుపత్రి మడివాళకు కూతవేటు దూరం. ఇంకేం ఆలోచించాలి?

మడివాళ ఎరగని పాఠకులకోసం నాలుగు మాటలు చెబుతాను. కన్నడంలో మడివాళ అంటే బట్టలు ఉతికే వృత్తివారు. బి.టి.ఎం. లేఅవుటు అని అందరూ అంటారు కదా, అందులోని మూడక్షరాలు బైరసంద్ర, తావరెకెరె, మడివాళ అనే మూడు ఊళ్ళ పేర్లు. మొదటి రెండింటి పేర్లు ఆ మూడక్షరాలలో కలిసిపోయినా, మడివాళ మాత్రం తన పేరు నిలబెట్టుకున్నది. ఉదయం మార్కెట్టు దగ్గర కూరగాయలు, పువ్వులు, అరిచే గొంతులు. సాయంత్రం ఏడు దాటిందంటే హోసూరు రోడ్డు పక్కన ఊళ్ళకు పోయే ప్రైవేటు బస్సుల కోసం జనం. ఒక బస్సు కొచ్చికి, ఒకటి కోయంబత్తూరుకు, ఒకటి నెల్లూరుకు, ఒకటి విజయవాడకు. మూటలూ పెట్టెలూ ముందు పెట్టుకుని నాలుగు భాషలలో ఫోన్లు మాట్లాడుతూ నిలబడతారు. మడివాళ అంటే వచ్చేవారికీ పోయేవారికీ మధ్య ఒక గడప. 2025 ఆగస్టులో పసుపు రంగు మెట్రో కూడా ప్రారంభమై, సిల్కు బోర్డు దగ్గర స్టేషను ఏర్పడింది. ఆ వారమే చుట్టుపక్కల అద్దెలు పెరిగాయని బ్రోకర్లు చెప్పారు. పెరగడానికి వారికి ఏదో ఒక కారణం కావాలి కదా.

ఈ సందడి మధ్యనే సోమేశ్వరస్వామి గుడి ఉన్నది. చాలామంది దాని ముందునుంచి రోజూ పోతూ దాని వయస్సు ఎంతో ఎరగరు. ఆ గుడి గోడమీద తమిళ శాసనం ఒకటి ఉన్నది. క్రీస్తు శకం 1247 నాటిది. వెంగళూరు పెద్ద చెరువు కింది భూమిని దానమిచ్చిన సంగతి దానిలో చెక్కించారు. వెంగళూరు అంటే మన బెంగుళూరే. కెంపేగౌడ కోట కట్టడానికి దాదాపు మూడు వందల సంవత్సరాల ముందే ఈ పేరు మడివాళ గోడమీద ఉన్నదన్నమాట. ఏ భూమి, ఏ చెరువు కింద, ఎవరిచ్చారు అనే వివరాలు రాతిమీద చెక్కి మరీ ఇచ్చారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కొంచెం ముందుకు పోయాక మీకే తెలుస్తుంది.

ఇక ఇల్లు వెతికే కథకు వస్తాను. ఆదివారం ఆదివారం నేనూ నా భార్యా పాత మడివాళ సందుల్లో, మారుతినగరులో, వెంకటాపురంలో తల పైకెత్తి బోర్డులు చూస్తూ తిరిగాము. మారుతినగరులో ప్రతి రెండో కట్టడమూ పిల్లలుండే పి.జి. హాస్టలే. మన ఆంధ్ర పిల్లలు అక్కడ ఎంతమందో! మెస్సులనుంచి వచ్చే గోంగూర వాసనతో, కాసేపు ఏ ఒంగోలులోనో ఉన్నామా అనిపించింది. కాని సంసారులకు వాటాలు అరుదు. ఒక వాటాను నలుగురు ఉద్యోగస్థులైన పిల్లలకు ఇస్తే వచ్చే అద్దె మనబోటి వాళ్ళనుంచి రాదు.

దొరికిన మూడు ఇళ్ళలోనూ మాట ఒకేచోట తెగిపోయింది. ఎక్కడినుంచి వచ్చారు? చెప్పాను. ఏమి పని? చెప్పాను. మాంసం తింటారా? ఆదివారం మాత్రం. “మీరు ఏ వాళ్ళు?” ఇది నేరుగా అడగరు, ఇంటి దేవుడెవరు, పెళ్ళిలో ఏమేమి చేస్తారు అని చుట్టూ తిరిగి వస్తారు. అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాను. చివరికి, “ఇంట్లో ఎంతమంది?” నేను, నా భార్య, అమ్మాయి, మా నాన్న. “నాన్నగారి వయసెంత? ఆరోగ్యం ఎలా ఉంటుంది?” అంతే. ఒకచోట, మెట్లు ఎక్కలేరేమో అన్నారు. ఇంకొకచోట, ఫోను చేస్తామన్నారు. మూడోచోట ఒక ముసలమ్మ ఉన్నమాట చెప్పింది. “రేపు ఇంట్లో ఏదైనా జరిగితే ఆ వాటా ఏడాదిదాకా ఎవరూ తీసుకోరు నాయనా” అన్నది. ఆమెకు నాన్న వయస్సే ఉంటుంది.

నాలుగో ఇల్లు సోమేశ్వరుడి గుడికి నాలుగు సందుల అవతల ఒక మూడంతస్తుల కట్టడం. యజమాని వేరే పేటలో ఉంటారు. ఇక్కడ అంతా మేనేజరుగారిదే. మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక పొడుగాటి పుస్తకం, రెండు ఫోన్లు, నడుముకు తాళాల గుత్తి. యాభై ఏళ్ళ మనిషి. నన్ను కూర్చోమనలేదు, కూర్చోమనడానికి రెండో కుర్చీ లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ దేవుడి దర్శనమే లేదు. ఏది అడిగినా “ఓనరుకు ఇష్టముండదు” అనేదే జవాబు. అద్దె పదిహేను వేలు, పది నెలల అడ్వాన్సు. కొంచెం తగ్గిస్తారా? ఓనరుకు ఇష్టముండదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోత. ఎందుకండీ, రంగు చెడకపోయినానా? ఓనరుకు ఇష్టముండదు. ఒకసారి యజమానిగారితో మాట్లాడవచ్చునా? ఆయన నావైపు చూసిన చూపుకు నేనే తల దించుకున్నాను.

వాటా మాత్రం బాగున్నది. రెండో అంతస్తు, ఒక పడకగది, తూర్పు కిటికీ. కావేరి నీళ్ళు రోజు విడిచి రోజు, మిగతాదానికి బోరు. 2024 వేసవిలో ఈ నగరం నీళ్ళకు ఎలా అల్లాడిందో చూసినవారికి ఆ బోరు విలువ తెలుస్తుంది. నా భార్య వంటింటి గట్టు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె ఏమీ అనకపోయినా నాకు అర్థమయింది.

మేనేజరుగారు ఒక ఫారం ఇచ్చారు. పేరు, ఆధారు నంబరు, ఆఫీసు, జీతం, బండ్లు ఎన్ని, చుట్టాలు వస్తూ పోతూ ఉంటారా. ఎనిమిదో గడి: ఇంట్లో ఎంతమంది? ఫారం ఇస్తూనే ఆయన నోటితో చెప్పారు: “వయసైనవాళ్ళు, జబ్బుమనుషులు ఉంటే ఇప్పుడే చెప్పండి. మాకు కుదరదు.”

నా కలం ఒక్క నిమిషం ఆగింది. పదిహేనేళ్ళుగా ఆఫీసులో నేను నింపిన కాగితాలు ఎన్నో. పార్సెలులో పది ఉంటే పది అనే రాశాను, తొమ్మిది అని ఎన్నడూ రాయలేదు. ఆ రోజు ఎనిమిదో గడిలో “3” అని రాశాను. నాన్న చుట్టపుచూపుగా వచ్చినట్టు వస్తాడు, తర్వాత చూసుకుందాము అని మనస్సుకు సమాధానం చెప్పుకున్నాను. టోకెను అని ఐదు వేలు అడిగితే ఇచ్చాను. రశీదు అడగలేదు. అబద్ధం రాసినవాడికి రశీదు అడిగే నోరు ఎక్కడిది?

ఆ రాత్రి నాన్నకు ఫోను చేసి ఇల్లు దొరికిందని చెప్పాను. ఆయన సంతోషించి, “నా మంచం పట్టేంత తావుంటుందా?” అని అడిగాడు. అది ఇనుప మంచం. అమ్మ ఉన్నప్పటినుంచీ ఉన్నది. ఉంటుందన్నాను. “అయితే లారీకి చెప్తానప్పా” అన్నాడు. ఫోను పెట్టేసిన తర్వాత నా భార్య, కూర తరుగుతున్నది, తల ఎత్తకుండానే అన్నది: “మామయ్య చుట్టంగా వస్తే సరే. మెట్ల మీద మేనేజరు పోయినప్పుడల్లా ఆయన దగ్గు ఆపుకోవాలా?”

నాకు నిద్ర పట్టలేదు. నాన్న తన జీవితంలో ఇంటికోసం ఎవరినీ అడగలేదు. గని పని ఇచ్చింది, ఆ పనితోపాటే ఇల్లూ ఇచ్చింది. చిన్నదే, రెండు గదులు, రేకు కప్పు. కాని అందులో ఎంతమంది ఉంటారని ఎవరూ అడగలేదు. మా నాయనమ్మ ఆ ఇంట్లోనే మంచం పట్టింది, ఆ ఇంట్లోనే పోయింది. వీధివాళ్ళంతా వచ్చారు. మరుసటి నెల అదే గదిలో మా చెల్లెలికి ఉయ్యాల వేశాము. అటువంటి మనిషిని లెక్కలో లేకుండా చేసినవాడు మేనేజరు కాదు. ఆ గడిలో మూడు అని రాసింది నా చెయ్యి.

మరునాడు ఆఫీసుకు పోయేముందే మడివాళకు పోయాను. మేనేజరుగారు పంపు తాళం తీస్తున్నారు. “ఫారంలో ఒక తప్పు రాశాను, దిద్దాలి. మేము ముగ్గురం కాదు, నలుగురం” అని చెప్పాను. నాన్న వయస్సు, జబ్బు, ఆసుపత్రి, అన్నీ చెప్పాను. ఆయన పుస్తకం మూసేశారు. వాటా ఇవ్వడం కుదరదన్నారు. అబద్ధం రాసింది నేను గనుక టోకెను కూడా తిరిగి రాదన్నారు.

మొదటి మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండో మాటకు ఉన్నది. “వాటా ఇవ్వకపోతే మీ ఇష్టం. ఐదు వేలు పుచ్చుకున్నారు, అది ఎందుకు తిరిగి ఇవ్వరో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి” అన్నాను. కాగితమెందుకన్నారు. “నేను గుమాస్తాను. మా ఆఫీసులో ఐదు రూపాయలకైనా వోచరు ఉంటుంది. ఆ గుడి గోడ మీద చూడండి, ఎప్పుడో 1247లో ఇచ్చిన మడిచెక్క సంగతి కూడా రాసి పెట్టారు. అది రాతిమీద రాశారు, నేను కాగితం మీద అడుగుతున్నాను.” కోపంగానే అన్నాను. ఆయన ఆ శాసనం సంగతి వినలేదు. “ఏ గుడి? మన సోమేశ్వరుడిదా?” అని అడిగారు. ఆయన ప్రతి సోమవారం పోయే గుడేనట.

అక్కడినుంచి మాట కొంచెం మెత్తబడింది. నేను ఆఫీసుకు పోయి, కన్నడంలో ఒక అర్జీ రాశాను. యజమానిగారికి, మేనేజరుగారి ద్వారా. నేను ముందు తప్పు లెక్క రాసినది, దిద్దుకున్నది, నలుగురము ఉండేది, నాన్న జబ్బు అంటువ్యాధి కాదన్నది, టోకెను ఇచ్చిన తేదీ, అన్నీ రాసి రెండు ప్రతులు తీశాను. సాయంత్రం పోయి ఒకటి ఆయనకిచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం అడిగాను. ఆయన చాలాసేపు చదివారు. “నా మీద ఫిర్యాదు రాశారేమో అనుకున్నాను” అన్నారు. సంతకం పెట్టారు.

అప్పుడు ఆయన తన కథ చెప్పారు. రెండేళ్ళ కిందట మూడో అంతస్తులో ఒక వృద్ధుడు పోయారు. మెట్లు ఇరుకు, కిందికి తేవడమే కష్టమయింది. తర్వాత ఎదురు వాటావాళ్ళు శాంతి చేయించమన్నారు. పై వాటావాళ్ళు ఖాళీ చేసి పోయారు. మూడు నెలలు రెండు వాటాలు ఖాళీగా ఉన్నాయి. ఆ నష్టానికి యజమానిగారు ఆయన జీతంలో కొంత పట్టుకున్నారు. “మీరు అనుకుంటారు, నాకు మనసు లేదని. నా తల్లి ఊళ్ళో ఒంటరిగా ఉన్నది. ఈ మెట్ల కింది గదిలో ఒకడికే తావు. ఆమెను తెస్తానంటే వద్దన్నారు.” ఈ చివరి మాటలు ఆయన తెలుగులో అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. ముళబాగిలు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. ఇంతవరకు ఎందుకు చెప్పలేదని అడిగితే, “తెలుగోణ్ణని తెలిస్తే వచ్చినోడల్లా రెండువేలు తగ్గించమంటాడు” అన్నారు.

ఇక్కడ కొంచెం చట్టం సంగతి చెప్పడం నా ధర్మం. ఇంటికోసం తిరిగే పిల్లలకు పనికొస్తుంది. అద్దె కాగితం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అడుగుతుంటారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతుంది; ఆ ఖర్చు, శ్రమ లేకుండా పదకొండు. కర్ణాటక అద్దెల చట్టం 1999లో చేశారు. 2001 చివర అమలులోకి వచ్చింది. కాని బెంగుళూరులో నెలకు మూడున్నర వేలకు మించిన అద్దె ఇళ్ళు దాని కిందికి రావు. ఈ రోజులలో మూడున్నర వేలకు ఇల్లేది? కనుక మనకు రక్షణ అంతా మనం సంతకం చేసే కాగితంలోనే ఉన్నది. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2021లో ఒక నమూనా చట్టం తయారు చేసింది. అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. ఎంత అడ్వాన్సు, ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారు, రంగులకు ఎంత కోస్తారు, నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎవరిది, ఈ నాలుగూ సంతకానికి ముందే రాయించుకోవాలి. నోటి మాట మేనేజరు మారగానే మారిపోతుంది.

మూడో రోజు మేనేజరుగారే ఫోను చేశారు. అర్జీని యజమానిగారికి చదివి వినిపించారట. “పెద్దవాళ్ళు ఉండగూడదని నేనెప్పుడన్నాను? ఖాళీ లేకుండా చూడమన్నాను గాని” అన్నారట యజమానిగారు. ఎవరి మాట నిజమో నాకు అక్కరలేదు. ఇటువంటి నియమాలు ఒకరు చెప్పకుండానే ఇంకొకరికి తెలిసిపోతాయి. చెప్పినవారు ఎవరూ ఉండరు, పాటించేవారు మాత్రం ఉంటారు. రెండో అంతస్తు వద్దు, మెట్లు కష్టం, కింద ఒక వాటా ఉన్నది చూడమన్నారు. అద్దె పదమూడు వేలు. వెలుతురు తక్కువ. అంతకంటె పెద్ద లోపం, పడకగది గోడ అవతలే నీళ్ళ పంపు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. ఆ మోతకే ఆరు నెలలుగా ఎవరూ తీసుకోలేదు.

వచ్చే ఆదివారం నాన్నను మారికుప్పం రైలులో తీసుకువచ్చాను. ఇల్లు ఆయనకు చూపించే ముందు మేనేజరుగారికి ఆయనను చూపించాలనిపించింది. ఆయన మెట్ల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, “ఏ ఊరప్పా నీది?” అని అడిగాడు. ముళబాగిలు పక్కన అని చెప్పగానే, ఆ పక్క ఊరివాళ్ళు ఎవరెవరు తనతో గనిలో దిగేవారో వరసపెట్టి చెప్పాడు. తర్వాత ఆ మీటర్ల పెట్టె చూసి, “కరెంటు మాకు ముందు, మీకు తర్వాత. 1902లోనే శివనసముద్రం నుంచి మా గనులకు వచ్చింది. ఈ బెంగుళూరుకు 1905లో” అన్నాడు. గనుల ఊరివాళ్ళు ఎవరు కనిపించినా చెప్పే మొదటి సంగతి ఇదే. మేనేజరుగారు నవ్వారు. అంతవరకు ఆయనకు పళ్ళున్నాయని నేను ఎరగను. లోపలికి పోయి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నాన్నకు వేశారు.

పంపు సంగతి మేము దాచలేదు. వేసి చూపించమన్నాను. గోడ సన్నగా వణికింది, గది అంతా మోత. నా భార్య ముఖం చిట్లించింది. నాన్న గోడకు అరచెయ్యి ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు. “బాగుండాది” అన్నాడు. “గని ఆగిపోయినప్పటినుంచీ రాత్రుళ్ళు ఏ మోతా లేక నిద్ర పట్టడంలా.”

అడ్వాన్సు ఆరు నెలలకు ఒప్పుకున్నారు. డెబ్భై ఎనిమిది వేలు. టోకెను ఐదు వేలు అందులో కలుపుకున్నారు. నేను రశీదు అడగకముందే మేనేజరుగారు పొడుగాటి పుస్తకం వెనుకనుంచి కొత్త రశీదు పుస్తకం తీశారు. నంబరు 1 నాదే. “ఇకమీదట అందరికీ ఇదే” అన్నారు. రంగుల కోత మాత్రం తగ్గించలేదు. ఓనరుకు ఇష్టముండదట.

ఇప్పుడు ఉదయం మేము లేచేసరికి పంపు ఆగి ఉంటుంది, నాన్న గుడిదాకా నడిచి పోయి ఉంటాడు. ఎండ లేని రోజు సాయంత్రం నేనే ఆటోలో మడివాళ చెరువు దాకా తీసుకుపోతాను. ఇంత ఇరుకు ఊరిలో అంత నీరు, నీటిమీద గూడబాతులు. ఆయన గట్టుమీద కూర్చుని లెక్కపెడతాడు. దగ్గు వస్తుంది. గట్టిగానే దగ్గుతాడు.

ఇది చదివే కుటుంబాలలో చాలామంది ఈ ఊరిలో రెండు మూడు తరాలుగా స్థిరపడినవారు. కొందరికి సొంత ఇళ్ళున్నవి, పైన ఒకటో రెండో వాటాలు అద్దెకిస్తారు. మీ తాతగారు మొదట ఈ ఊరికి వచ్చినప్పుడు వారికి ఎవరో ఒక గది ఇచ్చే ఉంటారు. ఆ గదిలో ఎంతమంది సర్దుకున్నారో మీ ఇళ్ళలో కథలుగా చెప్పుకుంటూనే ఉంటారు. నేను కోరేది పెద్ద త్యాగమేమీ కాదు. మీ వాటాను చూసే మనిషి మీ పేరు చెప్పి ఎవరెవరిని వెనక్కి పంపుతున్నాడో ఒకసారి విచారించండి. అతని తల్లి ఎక్కడ ఉన్నదో కూడా అడగండి. పుచ్చుకున్న డబ్బుకు రశీదు ఇప్పించండి.

ఇంటికోసం తిరిగేవారికి నేను చెప్పేది ఒకటే. ఆ ఎనిమిదో గడిలో ఉన్న లెక్కే రాయండి. నా పాత ఫారం మేనేజరుగారు నాకే ఇచ్చేశారు. అందులో 3 కొట్టివేసి 4 అని రాసి, పక్కన నా పొట్టి సంతకం ఉన్నది. ఆఫీసులో దిద్దినచోటల్లా అలాగే సంతకం పెట్టాలని నియమం. అద్దె కాగితంతోపాటు దానినీ పెట్టెలో భద్రంగా దాచుకున్నాను.